రగ్బీ లీగ్‌లో శాలరీ క్యాప్ అంటే ఏంటి? గెలిచిన టైటిళ్లు ఎందుకు పోయాయి? ఆటగాళ్ల కాంట్రాక్టుల లెక్క ఇదీ..

మైదానంలో చెమటోడ్చి గెలిచిన కప్పును లెక్కల పుస్తకం లాగేసుకుంటుందా? ఆస్ట్రేలియాలో సరిగ్గా అదే జరిగింది. 2010 ఏప్రిల్ 22న మెల్‌బోర్న్ స్టార్మ్ అనే రగ్బీ లీగ్ జట్టు 2007, 2009 టైటిళ్లను ఒకే రోజు కోల్పోయింది. డోపింగ్ చేశారా అంటే కాదు. మ్యాచ్ ఫిక్సింగ్ అంతకన్నా కాదు. ఆటగాళ్లకు రూల్ ప్రకారం ఇవ్వాల్సిన దానికంటే ఎక్కువ జీతం ఇచ్చారు. అంతే.

ఎక్కువ జీతం ఇవ్వడం కూడా నేరమేనా? ఆటగాడి జీతానికి ఎవరో పరిమితి పెట్టడం న్యాయమేనా? ఈ రెండు ప్రశ్నల చుట్టూనే ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ యాభై ఏళ్లకు పైగా కొట్టుకుంటోంది. ఆ కథేంటో, ఆ రూల్స్ ఎలా పని చేస్తాయో వివరంగా చూద్దాం.

ముందు ఆట సంగతి..

రగ్బీ అనగానే చాలామంది ఒకటే ఆట అనుకుంటారు. కానీ రెండున్నాయి. రగ్బీ యూనియన్‌లో జట్టుకు 15 మంది, రగ్బీ లీగ్‌లో 13 మంది. లీగ్‌లో బంతి చేతిలో ఉన్న జట్టును ఆరు సార్లు పట్టి పడేస్తే బంతి అవతలి వాళ్లకు వెళ్లిపోతుంది. మన కబడ్డీ పట్టు తెలిసినవాళ్లకు ఈ ఆట చూడటానికి పెద్దగా ఇబ్బంది ఉండదు.

విశేషం ఏంటంటే.. ఈ ఆట పుట్టిందే డబ్బు గొడవలోంచి. 1895లో ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతంలో గనుల్లో, మిల్లుల్లో పని చేసే కార్మికులు శనివారాలు రగ్బీ ఆడేవారు. ఆటకు వెళ్తే ఆ పూట కూలి పోయేది. ఆ పోయిన కూలి ఇవ్వాలని ఉత్తరాది క్లబ్‌లు అడిగితే రగ్బీ పెద్దలు ఒప్పుకోలేదు. దీంతో ఆ క్లబ్‌లు హడర్స్‌ఫీల్డ్ పట్టణంలోని జార్జ్ హోటల్‌లో సమావేశమై వేరు కుంపటి పెట్టుకున్నాయి. అదే తర్వాత రగ్బీ లీగ్ అయింది. 1908లో ఈ ఆట సిడ్నీలో పోటీల రూపంలో మొదలైంది. ఇప్పుడు దీని అతిపెద్ద టోర్నీ ఆస్ట్రేలియాలో జరిగే నేషనల్ రగ్బీ లీగ్, అంటే ఎన్‌ఆర్‌ఎల్. 2023 నుంచి ఇందులో 17 క్లబ్‌లు ఆడుతున్నాయి. అందులో ఒకటి న్యూజిలాండ్‌ది.

మన దగ్గర 2025లో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ అనే జట్టు ఉంది. అయితే అది ఏడుగురితో ఆడే సెవెన్స్. అంటే యూనియన్ కుటుంబానికి చెందిన ఆట. ఈ కథనంలో చెప్పే ఎన్‌ఆర్‌ఎల్‌తో దానికి సంబంధం లేదు.

శాలరీ క్యాప్ అంటే?

సింపుల్‌గా చెప్పాలంటే.. ఒక క్లబ్ ఒక ఏడాదిలో తన ఆటగాళ్లందరికీ కలిపి ఇంతకు మించి జీతం ఇవ్వకూడదు అని లీగ్ గీసే గీత. ఐపీఎల్ చూసేవాళ్లకు ఇది కొత్తేం కాదు. 2025 సీజన్ మెగా వేలంలో ఒక్కో ఫ్రాంచైజీకి 120 కోట్ల రూపాయల పర్స్ ఇచ్చారు కదా.. అది శాలరీ క్యాప్‌కు మరో పేరు.

ఎన్‌ఆర్‌ఎల్‌లో 2023 సీజన్‌కు ఈ క్యాప్‌ను కోటి 21 లక్షల ఆస్ట్రేలియా డాలర్లుగా ప్రకటించారు. డాలర్‌ను 55 రూపాయలుగా లెక్కేస్తే సుమారు 66 కోట్లు. అంతకుముందుతో పోలిస్తే ఒక్కసారిగా దాదాపు 25 శాతం పెంపు. అదే సమయంలో మెయిన్ స్క్వాడ్‌లో ఉన్న ఆటగాడి కనీస జీతం లక్షా 20 వేల డాలర్లు, అంటే సుమారు 66 లక్షల రూపాయలు చేశారు.

ఈ మెయిన్ స్క్వాడ్‌నే 'టాప్ 30' అంటారు. పేరులోనే ఉంది, 30 మంది ఆటగాళ్లు.

ఇక్కడే క్లబ్‌లకు అసలు పరీక్ష. ఉదాహరణకు ఏడాదికి 10 లక్షల డాలర్లు అడిగే స్టార్లు నలుగురిని తీసుకున్నారనుకోండి. 40 లక్షలు అక్కడే అయిపోయాయి. మిగిలిన 81 లక్షలను 26 మందికి సర్దాలి. అంటే సగటున తలా 3 లక్షల చిల్లర. ఐదో స్టార్ కావాలంటే కింద ఉన్న ఎవరి జీతమో కోయాలి, లేదా ఎవరినో వదులుకోవాలి.

క్యాప్‌లోకి ఏవేవి వస్తాయి?

జీతం ఒక్కటే లెక్కిస్తే మోసం చేయడం చాలా ఈజీ. అందుకే లీగ్ చాలా వాటిని క్యాప్ కిందికి తెచ్చింది.

- క్లబ్ ఇచ్చే జీతం, బోనస్‌లు
- క్లబ్ ఇచ్చే కారు, ఇల్లు, విమాన టికెట్ల లాంటి సదుపాయాల విలువ
- క్లబ్ చొరవతో ఆటగాడికి గానీ, అతని కుటుంబసభ్యులకు గానీ వేరే చోట నుంచి అందే డబ్బు
- వేరే క్లబ్‌కు పంపేసినా, ఆ ఆటగాడి జీతంలో పాత క్లబ్ ఇంకా భరిస్తున్న వాటా

చివరిది చాలా క్లబ్‌ల మెడకు చుట్టుకుంటుంది. ఫామ్ పోయిన ఆటగాడిని వదిలించుకోవాలంటే కొత్త క్లబ్ "సగం జీతం మీరే కట్టండి" అంటుంది. పాత క్లబ్ సరే అనాల్సి వస్తుంది. వేరే జట్టుకు ఆడుతున్న మనిషి జీతం వీళ్ల క్యాప్‌లో కూర్చుంటుంది.

క్యాప్ బయట ఉండేవి?

దేశం తరఫున, అలాగే క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్ మధ్య జరిగే స్టేట్ ఆఫ్ ఆరిజిన్ సిరీస్‌లో ఆడితే వచ్చే ఫీజు క్యాప్‌లోకి రాదు. ఒకే క్లబ్‌లో ఏళ్ల తరబడి ఉన్న ఆటగాళ్ల విషయంలో క్లబ్‌లకు కొంత మినహాయింపు దొరుకుతుంది.

అన్నిటికంటే ఎక్కువ గొడవ నడిచేది థర్డ్ పార్టీ డీల్స్ మీద. ఆటగాడు సొంతంగా ఒక కంపెనీతో యాడ్ ఒప్పందం చేసుకుంటే ఆ డబ్బు క్యాప్‌లో లెక్కించరు. కానీ రెండు కండిషన్లు. ఆ ఒప్పందం క్లబ్ కుదిర్చింది కాకూడదు. దాన్ని లీగ్ దగ్గర రిజిస్టర్ చేయాలి. "మా కుర్రాడికి ఓ లక్ష చూడండి" అని క్లబ్ పెద్దమనిషి తెలిసిన వ్యాపారికి ఒక్క ఫోన్ చేసినా అది రూల్ బ్రేక్ చేసినట్టే. పెద్ద నగరంలో పెద్ద వ్యాపారులున్న క్లబ్‌లకు ఈ దారిలో లాభం ఎక్కువని చిన్న క్లబ్‌లు ఎప్పటి నుంచో అంటున్నాయి.

క్యాప్ ఎందుకు తెచ్చారు?

1956 నుంచి 1966 వరకు సిడ్నీ పోటీల్లో సెయింట్ జార్జ్ అనే ఒక్క క్లబ్ వరుసగా 11 టైటిళ్లు గెలిచింది. డబ్బున్న క్లబ్‌లు మంచి ఆటగాళ్లను ఎత్తుకుపోవడం, చిన్న క్లబ్‌లు అప్పుల పాలవడం.. ఇదీ ఆ తర్వాతి దశాబ్దాల పరిస్థితి. దీనికి చెక్ పెట్టడానికి 1990లో శాలరీ క్యాప్ తీసుకొచ్చారు.

కానీ ఐదేళ్లు తిరగకుండానే పెద్ద దెబ్బ పడింది. 1995లో రూపర్ట్ మర్డోక్‌కు చెందిన న్యూస్ కార్పొరేషన్ 'సూపర్ లీగ్' పేరుతో పోటీ టోర్నీ ప్లాన్ చేసింది. అటు కెర్రీ ప్యాకర్ పాత లీగ్‌కు అండగా నిలిచాడు. టీవీ హక్కుల కోసం ఇద్దరు మీడియా దిగ్గజాలు ఆటగాళ్లను పోటీపడి కొన్నారు. జీతాలు ఆకాశాన్నంటాయి. 1997లో రెండు టోర్నీలు వేర్వేరుగా జరిగాయి. చివరికి రాజీ పడి 1998లో ఎన్‌ఆర్‌ఎల్‌గా కలిశాయి. ఆ ఖర్చు చూశాక క్యాప్‌ను గట్టిగా అమలు చేయాలని అందరికీ అర్థమైంది.

ఆటగాడి వైపు నుంచి చూస్తే..

క్లబ్‌లకు ఇది సమానత్వం. మరి ఆటగాడికి? రగ్బీ లీగ్ కెరీర్ చాలా చిన్నది. భుజం, మోకాలు, తల.. ఏ దెబ్బతో ఎప్పుడు ఆగిపోతుందో తెలియదు. సంపాదించుకోవాల్సిన ఆ నాలుగేళ్లలో మార్కెట్ ఇచ్చే ధర కంటే తక్కువ తీసుకోమని రూల్ చెబుతోంది.

ఈ హక్కు కోసం మొదట పోరాడిన వ్యక్తి డెనిస్ టుట్టీ. 1960ల్లో సిడ్నీలోని బాల్మెయిన్ క్లబ్ ఆటగాడు. అప్పట్లో కాంట్రాక్ట్ అయిపోయినా క్లబ్ ఒప్పుకోకపోతే ఆటగాడు వేరే చోటికి వెళ్లలేడు. టుట్టీ వదలమన్నాడు, క్లబ్ వదల్లేదు. అతను తలొంచకుండా 1969 సీజన్ మొత్తం ఆడకుండా కూర్చున్నాడు. ఆ ఏడాదే బాల్మెయిన్ టైటిల్ గెలిచింది. టుట్టీ ఆ జట్టులో లేడు. కేసు ఆస్ట్రేలియా హైకోర్టు దాకా వెళ్లింది. అక్కడ హైకోర్టు అంటే దేశంలోనే అత్యున్నత న్యాయస్థానం. 1971లో తీర్పు టుట్టీకి అనుకూలంగా వచ్చింది. మనిషి తన పని తాను చేసుకునే స్వేచ్ఛను ఈ రూల్ అన్యాయంగా అడ్డుకుంటోందని కోర్టు తేల్చేసింది. ఈ రోజు ఆటగాళ్లు క్లబ్ మారగలుగుతున్నారంటే పునాది అక్కడే పడింది.

రెండో పోరాటం 1991లో. ఆటగాళ్లను డ్రాఫ్ట్ పద్ధతిలో పంచాలని లీగ్ నిర్ణయించింది. అంటే ఎవరు ఏ క్లబ్‌కు ఆడాలో ఆటగాడి చేతిలో ఉండదు. టెర్రీ హిల్ అనే కుర్రాడు తాను కోరుకోని ఈస్టర్న్ సబర్బ్స్ క్లబ్‌కు వెళ్లాల్సి వచ్చింది. ఆటగాళ్లు కోర్టుకెక్కారు. ఫెడరల్ కోర్టు ఫుల్ బెంచ్ డ్రాఫ్ట్‌ను కొట్టేసింది.

అందుకే ఎన్‌ఆర్‌ఎల్‌లో ఐపీఎల్ లాంటి వేలం కనిపించదు. మన దగ్గర వేలంలో పేరు వచ్చాక ఎవరు కొంటే వాళ్లకు ఆడాలి. అక్కడ ఏ క్లబ్‌తో సంతకం చేయాలో ఆటగాడే నిర్ణయించుకుంటాడు.

కాంట్రాక్ట్ ఎలా సాగుతుంది?

కాంట్రాక్ట్ చివరి ఏడాదిలోకి అడుగుపెట్టే ఆటగాడు, అంతకుముందు నవంబర్ 1 నుంచి ఏ క్లబ్‌తోనైనా మాట్లాడుకోవచ్చు. అందుకే అక్కడ నవంబర్ 1 అంటే అభిమానులకు టెన్షన్. తమ హీరో ఇంకో ఏడాది తమకే ఆడుతూ, ఆ తర్వాతి ఏడాదికి ప్రత్యర్థి జట్టుతో సంతకం పెట్టేయొచ్చు.

దీన్ని ఐపీఎల్‌తో పోల్చి చూడండి. రాజస్థాన్ రాయల్స్‌లో ఉండగా వేరే ఫ్రాంచైజీతో సొంతంగా బేరం మాట్లాడాడని రవీంద్ర జడేజాను 2010 సీజన్ మొత్తం పక్కన పెట్టారు. ఎన్‌ఆర్‌ఎల్‌లో నవంబర్ 1 దాటాక ఆ మాటలు మాట్లాడటం ఆటగాడి హక్కు.

మాట ఇచ్చి వెనక్కి తగ్గిన సందర్భాలూ ఉన్నాయి. మ్యాన్లీ స్టార్ డాలీ చెర్రీ ఎవాన్స్ గోల్డ్ కోస్ట్ టైటాన్స్‌తో సంతకం చేసి, 2015లో మనసు మార్చుకుని మ్యాన్లీలోనే ఎనిమిదేళ్ల డీల్ తీసుకున్నాడు. సీజన్ 13వ రౌండ్ వరకు ఒప్పందం ఫైనల్ కాదన్న అప్పటి రూల్ అతనికి కలిసొచ్చింది. విమర్శలు రావడంతో తర్వాత ఆ రూల్‌నే ఎత్తేశారు.

లాంగ్ డీల్స్‌కు పెద్ద ఉదాహరణ జేసన్ టౌమలోలో. నార్త్ క్వీన్స్‌లాండ్ కౌబాయ్స్ 2017లో అతనితో ఏకంగా పదేళ్ల కాంట్రాక్ట్ చేసుకుంది. విలువ సుమారు కోటి డాలర్లు అని మీడియా రాసింది. ఇలాంటి డీల్‌లో రిస్క్ ఇద్దరిదీ. ధరలు పెరిగితే ఆటగాడికి నష్టం, ఒళ్లు సహకరించకపోతే క్లబ్‌కు నష్టం.

దొరికిపోయిన క్లబ్‌లు ఇవే..

కాంటర్‌బరీ బుల్‌డాగ్స్, 2002: వరుసగా 17 మ్యాచ్‌లు గెలిచి టేబుల్ టాప్‌లో ఉంది. ఆగస్టులో సిడ్నీ మార్నింగ్ హెరాల్డ్ పత్రిక రహస్య చెల్లింపులను బయటపెట్టింది. 37 పాయింట్లు కోత, 5 లక్షల డాలర్ల జరిమానా. టాప్‌లో ఉన్న జట్టు సీజన్‌ను అట్టడుగున ముగించింది. అయితే రెండేళ్లకే, 2004లో టైటిల్ కొట్టి లేచి నిలబడింది.

మెల్‌బోర్న్ స్టార్మ్, 2010: క్లబ్ రెండు రకాల కాగితాలు నడిపింది. లీగ్‌కు చూపించేది ఒకటి, ఆటగాడికి అదనంగా ఇస్తామని రాసిచ్చి దాచేది ఇంకొకటి. ఐదేళ్లలో 17 లక్షల డాలర్లు దాటించారని మొదట తేలింది. తర్వాతి విచారణలో అది 30 లక్షలు దాటింది. రెండు టైటిళ్లతో పాటు 2006, 2007, 2008 లీగ్ దశ టాపర్ ట్రోఫీలూ పోయాయి. జరిమానా కట్టాలి, ప్రైజ్ మనీ 11 లక్షల డాలర్లు వెనక్కివ్వాలి. మిగిలిన సీజన్‌లో ఎన్ని మ్యాచ్‌లు గెలిచినా పాయింట్లు సున్నా. గమ్మత్తేంటంటే, అప్పట్లో ఈ క్లబ్ యజమాని న్యూస్ లిమిటెడ్‌కు లీగ్‌లోనూ సగం వాటా ఉంది.

ఆ రెండు టైటిళ్లను రన్నరప్‌లకు కూడా ఇవ్వలేదు. 2007లో మ్యాన్లీ, 2009లో పారమట్టా ఫైనల్లో ఓడాయి. రికార్డుల్లో ఆ రెండేళ్ల విజేత గడి నేటికీ ఖాళీ.

పారమట్టా ఈల్స్, 2016: 12 పాయింట్లు కోత, 10 లక్షల డాలర్ల జరిమానా, ఐదుగురు అధికారులపై వేటు. క్యాప్ లోపలికి వచ్చేదాకా పాయింట్లే ఇవ్వమని లీగ్ తేల్చి చెప్పింది. ఆ ఏడాది గెలిచిన ఆక్లాండ్ నైన్స్ టైటిల్ కూడా పోయింది. తెలుగు కుటుంబాలు చాలా ఉన్న పశ్చిమ సిడ్నీ జట్లలో ఇదొకటి. 1986 తర్వాత ఈ క్లబ్ మళ్లీ టైటిల్ గెలవలేదు.

మూడు కేసుల్లోనూ ఒకటి కామన్. లెక్కలు మార్చింది ఆఫీసులో కూర్చున్నవాళ్లు. పాయింట్లు, పతకాలు పోగొట్టుకుంది మైదానంలో ఆడినవాళ్లు, టికెట్ కొని చూసినవాళ్లు.

మరి క్యాప్ పని చేసిందా?

ఆస్ట్రేలియాలో చాలావరకు చేసిందనే చెప్పాలి. 2001 నుంచి 2005 వరకు ఐదేళ్లలో ఐదు వేర్వేరు క్లబ్‌లు గెలిచాయి. 2012 నుంచి 2016 వరకు మళ్లీ ఐదేళ్లు, ఐదుగురు విజేతలు. సౌత్ సిడ్నీకి 43 ఏళ్ల తర్వాత 2014లో కప్పు దక్కింది. 1967 నుంచి ఆడుతున్న క్రోనుల్లా 2016లో మొదటిసారి గెలిచింది.

పెన్రిత్ పాంథర్స్ మాత్రం 2021 నుంచి 2024 వరకు వరుసగా నాలుగు కొట్టింది. అయినా క్యాప్ ఆ క్లబ్‌ను వదల్లేదు. గెలిచే కొద్దీ ఆటగాళ్ల ధర పెరిగింది, అందరినీ ఉంచుకునే డబ్బు క్యాప్‌లో లేదు. మాట్ బర్టన్, విలియామే కికావు, స్టీఫెన్ క్రైటన్ బుల్‌డాగ్స్‌కు వెళ్లారు. ఆపి కొరోయిసౌ, జరోమ్ లువాయ్ వెస్ట్స్ టైగర్స్‌కు, జేమ్స్ ఫిషర్ హారిస్ న్యూజిలాండ్ వారియర్స్‌కు వెళ్లిపోయారు. సొంత అకాడమీ నుంచి కొత్త కుర్రాళ్లు రావడం వల్లే పెన్రిత్ అన్నేళ్లు నిలబడింది. 2025లో కప్పు బ్రిస్బేన్ బ్రాంకోస్ ఎత్తుకెళ్లింది.

ఇంగ్లండ్ సూపర్ లీగ్ కథ వేరు. అక్కడా క్యాప్ ఉంది. అయినా 1996 నుంచి 2024 వరకు సెయింట్ హెలెన్స్, విగాన్, లీడ్స్, బ్రాడ్‌ఫర్డ్.. ఈ నాలుగు క్లబ్‌లే విజేతలు. 2025లో హల్ కేఆర్ గెలిచి ఆ గోడ బద్దలు కొట్టింది. అంటే క్యాప్ పెట్టగానే సమానత్వం వచ్చేయదు. గీత దాకా ఖర్చు పెట్టే స్తోమత, కుర్రాళ్లను తయారు చేసే వ్యవస్థ అన్ని క్లబ్‌లకూ ఉండాలి. అక్కడ 'మార్కీ ప్లేయర్' రూల్ కూడా ఉంది. కొద్దిమంది స్టార్లకు ఎంత ఇచ్చినా అందులో కొంత భాగమే క్యాప్‌లో లెక్కిస్తారు. 2019లో టొరంటో వుల్ఫ్‌ప్యాక్ ఈ దారిలోనే సోనీ బిల్ విలియమ్స్‌ను తెచ్చుకుంది. కరోనా దెబ్బకు 2020 జులైలో ఆ జట్టే సీజన్ నుంచి తప్పుకుంది.

క్యాప్ ఆపలేని పోటీ

శాలరీ క్యాప్ లీగ్ లోపల ఉన్నవాళ్లనే కట్టేస్తుంది. బయట ఉన్న రగ్బీ యూనియన్‌కు అది వర్తించదు. 2008లో ఇదే సోనీ బిల్ విలియమ్స్ ఐదేళ్ల కాంట్రాక్ట్ మధ్యలోనే బుల్‌డాగ్స్‌కు చెప్పాపెట్టకుండా ఫ్రాన్స్‌లోని టూలాన్ క్లబ్‌కు వెళ్లిపోయాడు. చివరికి ఏడున్నర లక్షల డాలర్ల పరిహారంతో కేసు సెటిల్ అయింది.

2023లో 19 ఏళ్ల జోసెఫ్ సువాలీని రగ్బీ ఆస్ట్రేలియా తీసుకుంది. ఏడాదికి 16 లక్షల డాలర్ల వరకు అని వార్తలొచ్చాయి. ఒక్క ఆటగాడికి అంత ఇవ్వడం క్యాప్ ఉన్న క్లబ్‌కు చాలా కష్టం. 2025లో ఆర్360 అనే కొత్త రగ్బీ లీగ్ ఆటగాళ్లకు గాలం వేయడం మొదలుపెట్టింది. దీంతో అందులో చేరితే పదేళ్ల నిషేధమని ఎన్‌ఆర్‌ఎల్ ప్రకటించింది.

2023లో లోగోకు టేప్ ఎందుకు వేశారు?

క్యాప్ ఎంతుండాలో లీగ్ ఒక్కటే నిర్ణయిస్తే మళ్లీ టుట్టీ రోజులే. అందుకే ఆటగాళ్ల సంఘంతో ఉమ్మడి ఒప్పందం చేసుకుంటారు. 2023లో ఇది నెలల తరబడి తేలలేదు. జీతం ఎంత అన్నదే కాదు.. గాయాల తర్వాత వైద్యం, రిటైరయ్యాక భద్రత, మహిళా ఆటగాళ్ల హక్కులు కూడా చర్చలో ఉన్నాయి. ఆటగాళ్లు మ్యాచ్ రోజు ఇంటర్వ్యూలు మానేశారు. జెర్సీ మీది ఎన్‌ఆర్‌ఎల్ లోగోను టేప్‌తో కప్పేసి మైదానంలోకి దిగారు. ఆగస్టులో డీల్ కుదిరింది. 2018లో మొదలైన మహిళల లీగ్ ఆటగాళ్లకు ఉమ్మడి ఒప్పందంలో చోటు దక్కడం అదే మొదటిసారి.

ఈ పదాలు గుర్తుంచుకోండి

- టాప్ 30: క్యాప్ కింద ఉండే మెయిన్ స్క్వాడ్.
- థర్డ్ పార్టీ డీల్: క్లబ్ ప్రమేయం లేకుండా ఆటగాడు చేసుకునే స్పాన్సర్ ఒప్పందం.
- బ్యాక్ ఎండెడ్ కాంట్రాక్ట్: మొదటి ఏళ్లలో తక్కువ, చివరి ఏళ్లలో ఎక్కువ జీతం. ఇవాళ్టి భారం రేపటికి తోసేయడం.
- ప్లేయర్ ఆప్షన్: మరో ఏడాది ఉండాలా వద్దా అన్నది ఆటగాడి ఇష్టం. క్లబ్ ఇష్టమైతే క్లబ్ ఆప్షన్.
- ట్రెయిన్ అండ్ ట్రయల్: సీజన్ ముందు ప్రాక్టీస్‌లో నిరూపించుకునేందుకు ఇచ్చే చిన్న కాంట్రాక్ట్.

ముందున్న పరీక్ష

2027లో పెర్త్ బేర్స్, 2028లో పాపువా న్యూ గినియా జట్టు లీగ్‌లోకి రాబోతున్నాయి. పాపువా న్యూ గినియా జట్టుకు ఆస్ట్రేలియా ప్రభుత్వం పదేళ్లలో 60 కోట్ల డాలర్లు ఇస్తామని 2024 డిసెంబర్‌లో ప్రకటించింది. అక్కడికి వెళ్లే ఆటగాళ్లకు ఆదాయ పన్ను ఉండదని ఆ దేశం చెబుతోంది. అంటే సిడ్నీలో, పోర్ట్ మోర్స్‌బీలో కాంట్రాక్ట్ మీద అంకె ఒకటే ఉన్నా చేతికొచ్చే డబ్బు ఒకటి కాదు. అందరికీ ఒకే గీత అని 1990లో మొదలైన క్యాప్, ఈ తేడాను ఎలా సర్దుతుందన్నదే ఇప్పుడు మిగతా క్లబ్‌ల ప్రశ్న.